లేజర్ అయ్యాక ముఖానికి ఏం రాయొచ్చు, ఏం రాయకూడదు

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు గడ్డం దగ్గర, పై పెదవి మీద వెంట్రుకలకి లేజర్ మొదలవుతోందనీ, తమ్ముడికి మొటిమల గుంటలకి ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ చేయమన్నారనీ అమ్మ చెప్పింది. పెరట్లో కలబంద ఉండగా క్రీములెందుకు, ఇద్దరం అదే రాసుకుంటే పోలా అన్నావట. నీకైతే సరే. వాడికి మాత్రం వద్దు.

నీకు చేసే డయోడ్ లేదా ఎన్‌డీ యాగ్ లేజర్ వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని, ఆ వేడితో కుదురును కాలుస్తుంది. పైచర్మం చెక్కుచెదరదు. కాస్త ఎర్రబడుతుంది, చురచురలాడుతుంది, కుదుళ్ల చుట్టూ చీమ కుట్టినట్టు చిన్న పొంగులు వస్తాయి. కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తగ్గిపోతాయి. వాడికి చేసేది అలా కాదు. ఆ లేజర్ పైచర్మాన్ని దాటి లోపలిదాకా కంటికి ఆనని సన్నని రంధ్రాలు వేలకొద్దీ పెడుతుంది. మొదట రసి కారుతుంది, తర్వాత గోధుమరంగు పెచ్చు కట్టి సుమారు 5 నుంచి 7 రోజుల్లో రాలుతుంది. అంతవరకూ అది తెరిచి ఉన్న పుండు కిందే లెక్క. ఆకు మీదా, కుళాయి నీళ్లలోనూ, మన గోళ్లలోనూ ఉండే క్రిములకు అవన్నీ తెరిచిన తలుపులే. వాడికి డాక్టరు చెప్పిన సెలైన్‌తో తుడవడం, వెసలిన్ లాంటిది పలచగా రాస్తూ చర్మం ఎండకుండా చూసుకోవడం, అంతే. పెచ్చు గిల్లకూడదు. పెచ్చులన్నీ రాలి, లేత గులాబీరంగు చర్మం వచ్చాక డాక్టరు సరేనంటే కలబంద సంగతి చూద్దాం.

ఇక మిగతా ఉత్తరమంతా నీకు.

ఏది రాయదలచుకున్నా లేజర్‌కి వారం ముందే పరీక్షించి చూడు. చెవి వెనకో, మోచేతి మడతలోనో రూపాయి బిళ్లంత మేర రాసి, రోజుకి రెండుసార్లు చొప్పున మూడు రోజులు చూడు. ఎలర్జీ చాలాసార్లు 48 గంటలు దాటాకే బయటపడుతుంది, అందుకే ఒక్క పూటతో తేల్చేయకు. లేజర్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే, ఎర్రబడింది లేజర్‌ వల్లా, ఆకు పడకా అన్నది నీకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

లేజర్ అయిన రోజు చర్మానికి కావలసింది చల్లదనం. శుభ్రమైన మెత్తటి నూలుగుడ్డను కాచి చల్లార్చిన నీళ్లలో ముంచి, ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి, 10 నిమిషాలు అద్ది పెట్టుకో. గంటకోసారి అలా మూడు నాలుగు సార్లు చాలు. ఐసుగడ్డను నేరుగా పెట్టకు, వేడికి కందిన చర్మం ఐసుకీ కాలుతుంది. నీళ్లకు బదులు గ్రీన్ టీ కూడా బాగుంటుంది. 200 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో ఒక సంచి వేసి 5 నిమిషాలు ఉంచి, తీసేసి, బాగా చల్లారనిచ్చి వాడాలి. నిమ్మ, అల్లం, తులసి కలిపిన రకాలు కాదు, ఒట్టి ఆకుదే కావాలి. కళ్ల మీద కీరా ముక్కలు పెట్టుకోవడం చూడ్డానికి బాగుంటుంది కానీ అవి చేసేదీ తడిగుడ్డ పనే.

కలబందతో వచ్చే గొడవంతా మట్టను చెట్టు నుంచి కోసి తిన్నగా ముఖానికి రుద్దుకోవడంలో ఉంది. ఆకుపచ్చ తొక్క కిందనే పసుపురంగు చేదు పాలు ఉంటాయి, అందులో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది. దురదా, మంటా పుట్టించేది అదే. కాబట్టి అడుగున ఉన్న లావుపాటి మట్టను మొదలంటా కోసి, కోసిన వైపు కిందికి పెట్టి గ్లాసులో నిలబెట్టు. 15, 20 నిమిషాల్లో పసుపు పాలు కారి గ్లాసు అడుగున చేరతాయి. మట్టను కడిగి, రెండు పక్కలా ముళ్ల అంచులు తీసేసి, పై తొక్కనూ కింది తొక్కనూ కాస్త మందంగానే చెక్కేయి. గుజ్జు మిగలాలని తొక్కకు ఆనించి గీరావంటే ఆ పాలూ దాంతోపాటే వస్తాయి. మిగిలిన గాజులాంటి ముక్కను నీళ్లలో రెండుసార్లు జాడించు. ఎక్కడైనా పసుపు చార కనిపిస్తే అక్కడ కోసి పారెయ్. నీకు మూడంగుళాల ముక్క ఎక్కువే. చెంచాతో మెదిపి పలచగా పూసి, 15 నిమిషాలకి చన్నీళ్లతో కడిగెయ్. ఎండేదాకా వదిలేస్తే చర్మం బిగుసుకుంటుంది. కలబందలో ఉన్నది దాదాపు నీరే, అది ఆరిపోయాక తేమను పట్టి ఉంచేదేమీ ఉండదు. అందుకే కడిగిన వెంటనే, చర్మం కాస్త చెమ్మగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాయాలి. మిగిలిన గుజ్జును ఫ్రిజ్‌లో మూతపెట్టి ఆ రోజు వరకే ఉంచు, మర్నాటికి కొత్తది తీసుకో.

కొనుక్కునే జెల్ అయితే సీసా వెనక ఏం రాశారో చదువు. అసలు కలబంద గుజ్జుకి రంగుండదు. చిలకపచ్చగా మెరుస్తుంటే రంగు కలిపినట్టే. ఆల్కహాల్, మెంథాల్, పరిమళం ఉన్నవి వద్దు. రాయగానే చల్లగా తగిలేది చాలాసార్లు మెంథాల్ పుణ్యమే, ఆ తర్వాత మండేదీ అదే.

రెండో రోజు దురద ఉంటే ఓట్స్ మంచి మందు. మసాలా ఓట్స్ కాదు తల్లీ, ఒట్టివి. రెండు చెంచాలు తీసుకుని తడిలేని మిక్సీ గిన్నెలో మైదాలా అయ్యేదాకా పొడి కొట్టు. ఒక చెంచా పొడిని గ్లాసెడు నీళ్లలో కలిపితే పాలలా తెల్లగా రావాలి. గింజలు అడుక్కి పోయి పైన తేటనీళ్లు నిలిస్తే పొడి ఇంకా బరకగా ఉందని అర్థం, మళ్లీ కొట్టు. ఆ పాలలో గుడ్డ తడిపి 10 నిమిషాలు పెట్టుకుని కడిగెయ్. దాన్ని పిండిలా రాసి రుద్దకు. ఈ మొదటి వారం రుద్దుడు అన్న మాటే వద్దు. ఒకటి రెండు వారాల్లో కాలిన వెంట్రుకల మొదళ్లు నల్లటి చుక్కల్లా పైకి వస్తాయి, వాటంతటవే రాలతాయి. మళ్లీ మొలిచాయనుకుని పట్టుకారుతో లాగేస్తారు చాలామంది, నువ్వా పని చెయ్యకు.

పసుపు వద్దన్నానని అమ్మమ్మకి కోపం రావచ్చు. విడిగా అమ్మే పసుపులో మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ లాంటి రంగులు కలిపే కల్తీ ఉంది. స్వచ్ఛమైనదైనా కొందరికి పడదు. అదీ కాక, ఆ పచ్చరంగు కింద ఎరుపు తగ్గిందో పెరిగిందో కనబడదు. నిమ్మరసం అసలే వద్దు, అది పులుపు, పైగా ఆ రసం మీద ఎండ తగిలితే చర్మం కాలి నల్లమచ్చలు పడతాయి. ఇంతకన్నా ప్రమాదం సున్నిపిండిలో దాక్కుని ఉంటుంది. చాలా ఇళ్లలో అందులో బావంచాలు వేస్తారు. బొల్లికి వాడే గింజలవి, వాటిలోని సొరాలెన్ ఎండతో కలిస్తే చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. లేజర్ రోజుల్లో ఆ డబ్బా జోలికి పోకు. గంధం చల్లగా ఉంటుంది నిజమే, కానీ కొందరికి గంధం రాసిన చోట ఎండ తగిలితే ఎలర్జీ వస్తుంది. ముల్తానీ మట్టి ఎండగడుతుంది. కొబ్బరినూనె కందిన చర్మంలో వేడిని పట్టి ఉంచుతుంది, గడ్డం మీద కురుపులూ తెస్తుంది. కర్పూరం, నీలగిరి, టీ ట్రీ నూనెల పేరు కూడా ఎత్తకు.

వయ్యారిభామ మొక్క తగిలితే దద్దుర్లొచ్చే వంశం మనది. ఆ మొక్కా, చామంతీ, కాలెండులా, కామొమైల్ అన్నీ ఒకే కుటుంబం, ఒకటి పడకపోతే తక్కినవీ పడకపోవచ్చు. చర్మానికి ఉపశమనం అని అమ్మే క్రీముల్లో చివరి రెండూ తరచుగా ఉంటాయి, చూసుకుని కొను. సరస్వతి ఆకు సారం ఉన్న క్రీము తీసుకో, దాన్నీ పరీక్షించాకే సుమా.

ఇవన్నీ ఎంత జాగ్రత్తగా చేసినా సన్‌స్క్రీన్ రాయకపోతే దండగే. మన చామనచాయకి లేజర్ తర్వాత అసలు భయం నల్లబడటమే, దాన్ని పెంచేది ఎండ. మర్నాటి నుంచి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, జింక్ ఆక్సైడ్ ఉన్నది, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత తీసుకుని ముఖానికీ మెడకీ రాయి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయి. తేలికగా చర్మపు రంగు కలిసినవి ఇంకా మంచివి, వాటిలోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురు వల్ల వచ్చే నలుపునీ ఆపుతుంది.

పెళ్లి ముహూర్తం పెట్టేశారు కదా, చివరి సిట్టింగ్‌కీ నలుగు పెట్టే రోజుకీ మధ్య కనీసం మూడు వారాలు ఉండేలా తేదీ అడుగు. సిట్టింగ్‌ల మధ్య థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించకు, కుదుళ్లు ఊడితే లేజర్‌కి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మరీ కనబడుతుంటే రేజర్ వాడు. బ్లీచ్ కూడా వద్దు.

బొబ్బ లేచినా, లేజర్ మొన ఆకారంలో బూడిదరంగు మచ్చ పడినా, మొదటి రోజు దాటాక నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, చీము, జ్వరం కనిపించినా ఇంటి వైద్యమంతా ఆపేసి ఆ రోజే క్లినిక్‌కి వెళ్లు. తమ్ముడికి పెదవి దగ్గర నీటి పొక్కులు గుంపుగా లేచినా అంతే. పెదవి మీద జ్వరం పొక్కులు ఇంతకుముందు వచ్చి ఉంటే లేజర్‌కి ముందే డాక్టరుకి చెప్పమను, మాత్రలు ముందు నుంచే ఇస్తారు. వెళ్లేటప్పుడు ఏ పూట ఏం రాశారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి, జెల్ సీసాలు కూడా సంచిలో వేసుకోండి.

ఇట్లు,
పెద్దమ్మ