సందేహాలు – సమాధానాలు: ఓటీపీ నాన్నగారి ఫోనుకు వెళ్తోంది

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చెన్నై, బెంగళూరు విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చేరిన తెలుగు విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ రాసినవే. అడిగిన విషయాలు వేరైనా అన్నీ విశ్వవిద్యాలయం ఇచ్చే కంప్యూటర్ ఖాతాకు సంబంధించినవే కనుక, వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. చెన్నైలో ఎమ్మెస్సీలో చేరాను. దరఖాస్తులో నాన్నగారి సెల్ నంబరు రాశాం. ఇప్పుడు ఖాతా తెరవబోతే ఓటీపీ ఆయన ఫోనుకు వెళ్తోంది. పొలంలో ఉంటే ఆయన ఫోను ఎత్తరు. హాస్టల్లో వైఫై కూడా ఈ ఖాతా తెరిస్తేనే వస్తుందంటున్నారు. ఏం చేయాలి? – విద్యార్థిని, తాంబరం

జవాబు: నాన్నగారు ఇంటి పట్టున ఉండే సాయంత్రం చూసుకుని ఒక్కసారి ఆయనతో ఫోనులో మాట్లాడుతూ ఖాతా తెరవండి, తెరిచిన వెంటనే, మరే పనీ పెట్టుకోకుండా, ప్రొఫైల్ పేజీలో సెల్ నంబరు మార్చి మీది నమోదు చేయండి. కొన్ని విశ్వవిద్యాలయాల పోర్టళ్లలో నంబరు మార్చుకునే వీలు విద్యార్థికి ఉండదు. అలాంటి చోట గుర్తింపు కార్డు నకలు, ఫీజు రసీదు జతచేసి అడ్మిషన్ల విభాగంలో అర్జీ ఇవ్వాలి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఈమెయిలు, వైఫై, కోర్సుల నమోదు, ఫీజు రసీదు, హాల్ టికెట్, గ్రంథాలయం వేర్వేరు చోట్ల కనిపించినా, చాలా విశ్వవిద్యాలయాల్లో వీటన్నిటి వెనుకా ఒకే వినియోగదారుల పట్టిక ఉంటుంది; మీరు ఎక్కడ లాగిన్ అయినా ఆ సేవ అక్కడికే వెళ్లి "ఈమె మన విద్యార్థినేనా" అని అడిగి వస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోయినప్పుడు ఆ పట్టికలోని సెల్ నంబరే మీరు మీరేనని చెప్పే సాక్షి. పరీక్ష ఫీజుకు ఆఖరి రోజున ఆ సాక్షి పొలంలో ఉండకూడదు.

మరొకటి. అమ్మాయి అడిగినప్పుడల్లా ఓటీపీ చదివి చెప్పడం అలవాటైన తండ్రికి, "యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్నాం" అన్న అపరిచితుడికి చెప్పడంలో పెద్ద తేడా తోచదు. మోసగాళ్లకు కావలసింది ఆ అలవాటే.

విశ్వవిద్యాలయం నంబరు వేరు, ఆధార్‌కు ముడిపడిన నంబరు వేరు. పాసైన కోర్సులకు వచ్చే క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కు కావలసిన 12 అంకెల అపార్ సంఖ్యను (విద్యార్థి గుర్తింపు సంఖ్య) ప్రభుత్వ పత్రాలు దాచుకునే డిజీలాకర్ యాప్ ద్వారా తీసుకోవాలి. అక్కడ ఓటీపీ ఆధార్‌లో ఉన్న నంబరుకే వస్తుంది. దాన్ని మార్చుకోవడానికి సొంత ఊరికి వెళ్లనక్కరలేదు, చెన్నైలోని ఆధార్ కేంద్రంలోనూ మార్పించుకోవచ్చు. మీ విశ్వవిద్యాలయం అథెంటికేటర్ యాప్‌ను అనుమతిస్తే అది ఓటీపీ కంటే మేలు. అందులో 30 సెకన్లకు ఒకసారి మారే అంకెలు ఫోనులోనే తయారవుతాయి కనుక హాస్టల్ గదిలో సిగ్నల్ లేకపోయినా పని జరుగుతుంది. అయితే అది ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి పెట్టెలో దాచుకోండి. ఫోను పోయిన రోజున అవే దిక్కు.

ప్రశ్న: నా ఖాతాలో పేరు తప్పు పడింది. ఇంటిపేరు మొదటి పేరుగానూ, అసలు పేరు చివరి పేరుగానూ వచ్చాయి. అధ్యాపకులు కూడా ఇంటిపేరుతోనే పిలుస్తున్నారు. కంప్యూటర్ సెంటర్‌కు వెళ్తే "మా చేతిలో లేదు" అన్నారు. – విద్యార్థి, వేళచ్చేరి

జవాబు: వారు చెప్పింది నిజమే. కంప్యూటర్ సెంటర్ పేర్లను సృష్టించదు. ప్రవేశాల సమయంలో అకడమిక్ విభాగం నమోదు చేసినదాన్ని అలాగే తెచ్చుకుంటుంది. వారు ఇవాళ దిద్దినా, రాత్రికి తమ పట్టికనూ అకడమిక్ విభాగం పట్టికనూ సరిచూసుకునేటప్పుడు పాత పేరే తిరిగి వచ్చే అవకాశం ఉంది. కాబట్టి అర్జీ అకడమిక్ విభాగానికి పెట్టాలి.

తమిళనాడులో మన పేర్లకు ఈ ఇబ్బంది సహజం. అక్కడి వారి ఇనిషియల్ సాధారణంగా తండ్రి పేరుది, మనది ఇంటిపేరుది. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, దరఖాస్తు ఫారమేమో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు చూపిస్తుంది. ఇక ఆధార్‌లో ఒట్టి ఇనిషియల్ ఉంటే, ఒకే మనిషి మూడు చోట్ల ముగ్గురవుతాడు. తెరమీద పేరు తిరగబడితే వచ్చే చిక్కు పిలుపు వరకే. కానీ ఆధార్‌లోని పేరు, విశ్వవిద్యాలయం రికార్డులోని పేరు కలవకపోతే అపార్ సంఖ్య ముడిపడదు, క్రెడిట్లు జమకావు. ఆ సంగతి చాలామందికి చివరి సెమిస్టరులో గానీ తెలియదు.

పదో తరగతి మెమోలో ఉన్న అక్షరక్రమాన్నే ప్రమాణంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్పించుకోవడం మంచిది. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు కనుక, ఇనిషియల్ విడదీసి రాయాలా వద్దా, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కేంద్రానికి వెళ్లేలోగానే తేల్చుకోండి. లాగిన్ పేరు గురించి మాత్రం బెంగపడకండి. చాలా చోట్ల అది రోల్ నంబరే, పేరు దిద్దినా మారదు.

ప్రశ్న: వైఫై జాబితాలో "ఎడ్యురోమ్" అని కనిపిస్తోంది. రోల్ నంబరు, పాస్‌వర్డ్ కొట్టినా కలవడం లేదు. స్నేహితుడి ఫోనులో మాత్రం వస్తోంది. – విద్యార్థి, యశ్వంతపుర, బెంగళూరు

జవాబు: ఒట్టి రోల్ నంబరు చాలదు, దాని వెనుక యాట్ గుర్తు, మీ సంస్థ చిరునామా కూడా ఉండాలి. అది ఎందుకో తెలిస్తే మరచిపోరు. ఎడ్యురోమ్ ఒక కళాశాల వైఫై కాదు, 2002లో యూరప్‌లో పుట్టిన ఆలోచన ఇప్పుడు అనేక దేశాల విద్యా సంస్థలను కలుపుతోంది. మన దేశంలో దీన్ని కేంద్ర ప్రభుత్వ విద్యా నెట్‌వర్క్ సంస్థ ఎర్నెట్ ఇండియా నడుపుతోంది. ఎడ్యురోమ్‌లో సభ్యత్వం ఉన్న ఏ ప్రాంగణంలో మీరు ఫోను తెరిచినా, అక్కడి యంత్రం మీ చిరునామా చూసి, ప్రశ్నను మీ సొంత సంస్థకు పంపుతుంది. పాస్‌వర్డ్ సరైనదో కాదో చెప్పేది మీ సంస్థే. చిరునామా లేని రోల్ నంబరు ఊరు పేరు రాయని ఉత్తరం వంటిది, ఎటు పంపాలో అక్కడి వారికి తెలియదు.

అది సరిచేసినా రాకపోతే సెట్టింగుల్లో, ఆ వైఫై అసలైనదో కాదో తేల్చే సర్టిఫికెట్, డొమైన్ అనే గళ్లు చూడండి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో "సర్టిఫికెట్ సరిచూడవద్దు" అన్న అవకాశం ఉండేది, కొత్త వాటిలో చాలావరకు తీసేశారు. మీ స్నేహితుడి ఫోనులో వెంటనే కలవడానికి బహుశా అదే కారణం, కానీ అసూయపడవలసింది ఏమీ లేదు. సరిచూడని ఫోను, అదే పేరుతో పక్క గదిలో ఎవరైనా నకిలీ వైఫై పెడితే దానికీ పాస్‌వర్డ్ సమర్పించుకుంటుంది. మీ కంప్యూటర్ సెంటర్ ఇచ్చిన సూచనల పత్రంలో ఉన్న డొమైన్ పేరును అక్షరం పొల్లుపోకుండా నింపండి.

ప్రశ్న: మా అబ్బాయి మార్కులు, హాజరు చూసుకోవడానికి అతని పాస్‌వర్డ్ మా దగ్గర ఉంచుకున్నాం. ఇది తప్పా? – ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: మీ ఆదుర్దా అర్థమవుతోంది గానీ, ఈ పద్ధతి మంచిది కాదు. ఆ ఖాతా నుంచి మార్కులు చూడటమే కాదు, కోర్సు వదులుకోవచ్చు, అధ్యాపకులకు ఉత్తరం పంపవచ్చు. రేపు ఏదైనా జరిగితే అది ఎవరు చేశారని అడిగినప్పుడు మీ అబ్బాయి దగ్గర జవాబు ఉండదు. తల్లిదండ్రులకు విడిగా లాగిన్ ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి, అడగండి. లేకపోతే నెలకొకసారి అబ్బాయినే చూపించమనండి. పద్దెనిమిదేళ్లు నిండినవాడు ఆ మాత్రం చూపిస్తాడు.

ప్రశ్న: "మీ మెయిల్ నిండిపోయింది, 24 గంటల్లో మూసేస్తాం" అని ఒక లేఖ వచ్చింది. పంపిన చిరునామా మా విశ్వవిద్యాలయానిదే. లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేశాను. – విద్యార్థిని, గిండీ

జవాబు: వెంటనే అసలు పోర్టల్‌కు మీరే వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత మెయిల్ సెట్టింగుల్లో మీరు పెట్టని ఫార్వర్డింగ్ చిరునామా గానీ ఫిల్టర్ గానీ ఉన్నదేమో చూడండి. చాలామంది ఈ రెండో పని మరిచిపోతారు; పాస్‌వర్డ్ మార్చినా మీ ఉత్తరాల నకళ్లు మరొకరికి వెళ్తూనే ఉంటాయి. ఇతర పరికరాలన్నిటి నుంచీ లాగౌట్ చేసి, కంప్యూటర్ సెంటర్‌కు తెలియజేయండి. సిగ్గుపడి ఆలస్యం చేస్తే నష్టం మీ తోటివారికే, ఎందుకంటే తర్వాతి లేఖ మీ చిరునామా నుంచే బయలుదేరుతుంది.

మీ చేతికి వచ్చినదీ అలాంటిదే అయి ఉండవచ్చు. ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ చిరునామాలను ఎర్నెట్ ఇండియా విద్యా సంస్థలకు మాత్రమే ఇస్తుంది కనుక, బయటివారు అలాంటి పేరు కొనలేరు. అయితే ఆ సంస్థలోని విద్యార్థి ఖాతా ఒకటి చేజిక్కితే చాలు, కొనవలసిన అవసరమే ఉండదు. చిరునామా సరిగా ఉన్నంత మాత్రాన లేఖను నమ్మకండి. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం. డబ్బు కూడా పోయి ఉంటే సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోను చేయండి.

ప్రశ్న: క్యాంపస్‌లో తెరుచుకునే పరిశోధన పత్రికలు సెలవుల్లో ఇంటికి వస్తే డబ్బు కట్టమంటున్నాయి. – పరిశోధక విద్యార్థి, చేపాక్కం

జవాబు: క్యాంపస్‌లో ఉన్నప్పుడు పత్రిక మిమ్మల్ని చూడదు, ఇంటర్నెట్‌లో మీ విశ్వవిద్యాలయాన్ని గుర్తుపట్టే అంకెల చిరునామాను (ఐపీ) చూస్తుంది. ఇంట్లో ఆ చిరునామా ఉండదు కనుక మీరెవరో వేరే విధంగా నిరూపించుకోవాలి. దానికి విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే ఇన్‌ఫెడ్ లాగిన్ గానీ, ఇంటి నుంచే క్యాంపస్ నెట్‌వర్క్‌లోకి చేర్చే విశ్వవిద్యాలయపు వీపీఎన్ గానీ ఉపయోగపడుతుంది. ఏది ఉందో గ్రంథాలయంలో అడిగి, సెలవులకు ముందే నమోదు చేయించుకోండి. ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఉన్నత విద్యా సంస్థలకు 2025 జనవరి 1 నుంచి "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకం కింద సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి కాబట్టి, అంతకుముందు లేదన్న పత్రిక కోసం మళ్లీ వెతకడం దండగ కాదు. సంచికలకు సంచికలు ఒకేసారి దించుకోవద్దు. ప్రచురణకర్తలు అది పసిగట్టి ఆపేసేది మీ ఒక్కరిని కాదు, మొత్తం విశ్వవిద్యాలయాన్ని.

ప్రశ్న: బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో ఉన్న పరమ్ ప్రవేగ వంటి సూపర్ కంప్యూటర్‌పై నా లెక్కలు నడపాలంటే మామూలు ఖాతా సరిపోతుందా? – విద్యార్థి, మత్తికెరె

జవాబు: సరిపోదు. ఇలాంటి యంత్రాలపై ఖాతా విడిగా అడగాలి, సాధారణంగా మార్గదర్శక అధ్యాపకుడి ఆమోదం ఉండాలి. సెకనుకు 3,300 లక్షల కోట్ల లెక్కలు చేసే (3.3 పెటాఫ్లాప్‌ల) సామర్థ్యం ఉన్న యంత్రమైనా, మీరు లాగిన్ అయ్యే భాగం అందరూ తొక్కుకుంటూ నడిచే గుమ్మమే. అక్కడ లెక్కలు నడపకుండా, పనిని క్యూలో పెట్టి వరస వచ్చేదాకా ఆగాలి. తాత్కాలిక నిల్వ కోసం ఉండే స్క్రాచ్ అనే చోట ఉంచిన ఫైళ్లకు మామూలుగా బ్యాకప్ ఉండదని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మే నెలలో చదువు పూర్తవుతుంది. ఈమెయిలు ఉంచుతారా? – విద్యార్థిని, బెంగళూరు

జవాబు: ఉంచుతారని అనుకోకండి. విద్యా సంస్థలకు ఇదివరకు అపరిమితంగా నిల్వ ఇచ్చిన గూగుల్, 2022 నుంచి సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లను ప్రాథమిక పరిమితిగా పెట్టింది. దాంతో పాత విద్యార్థుల ఖాతాలను ఖాళీ చేయించే ఒత్తిడి విశ్వవిద్యాలయాల మీద పెరిగింది. ఖాతా మీ పేరిట ఉన్నా అది విశ్వవిద్యాలయానిదే. మీ మెయిల్ గూగుల్‌దైతే దాని టేకౌట్ సేవతో ఉత్తరాలనూ ఫైళ్లనూ దించుకోండి. బ్యాంకు, ఉద్యోగ దరఖాస్తులు, డిజీలాకర్ వంటి చోట్ల ఈ చిరునామా ఇచ్చి ఉంటే వాటిని ఒక్కొక్కటిగా సొంత చిరునామాకు మార్చుకోండి. ఈ పని ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి. ఖాతా మూసేశాక, ఆ మార్పును ధ్రువీకరించే ఓటీపీ ఆ మూసిన ఖాతాకే వెళ్తుంది.