గోడ ఫ్రేముకు ఏ మేకు వాడాలి? కెనడా వెళ్లాలనుకునే కార్పెంటర్‌కు సలహా

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వడ్రంగం మా కులవృత్తి. మా బాబు నల్లగొండలో ఐటీఐ కార్పెంటర్ చేసి, నాతోపాటే దర్వాజాలు, కిటికీలు చేస్తున్నాడు. కెనడాలో చెక్క ఇళ్లు కట్టే పనికి వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ అయింది. ‘గోడ ఫ్రేముకు ఏ మేకులు వాడతావు?’ అని అడిగితే ‘మూడంగుళాలవి’ అన్నాడట. మళ్లీ ఫోన్ రాలేదు. ఇంకేదైనా కోర్సు చేయించాలా?

జవాబు: కోర్సుకు డబ్బు పెట్టకండి. మూడంగుళాల మేకు ఆ గోడలో నిజంగానే ఉంటుంది. కానీ వాళ్లకు కావాల్సింది ఏ మేకు ఎక్కడ, ఎందుకు అన్నది.

మీరు చేసే దర్వాజాకు బలమంతా బెజ్జంలో దిగిన కుసిది, అంటే పట్టె కొనను సన్నగా చెక్కిన నాలుకది. అక్కడి గోడలో కుసి ఉండదు, అతుకులను పట్టి ఉంచేది మేకులే. పైనా కిందా అడ్డంగా ప్లేట్లు, మధ్యలో 16 అంగుళాలకొకటి చొప్పున నిలువుగా స్టడ్లు. ఒక్కో పట్టె మందం 38 మిల్లీమీటర్లు. ప్లేటులోంచి స్టడ్ కొనలోకి కొట్టడానికి కెనడా జాతీయ భవన నియమావళి 82 మిల్లీమీటర్ల మేకులు రెండు చెబుతుంది. 38 ప్లేటులో పోతే మిగిలిన 44 స్టడ్‌లో దిగుతుంది. ఈ లెక్క మీ బాబు నోటి నుంచి వచ్చి ఉంటే వాళ్లు మాట కొనసాగించేవారు.

ప్లేటు ముందే బిగిసిపోయి, కింది నుంచి కొట్టే వీలు లేకపోతే 63 మిల్లీమీటర్లవి నాలుగు, స్టడ్ పక్క నుంచి ఏటవాలుగా. పైన రెండు ప్లేట్లను ఒకదానిపై ఒకటి కలిపేటప్పుడు 76, అంటే మీ వాడన్న మూడంగుళాలే, 600 మిల్లీమీటర్లకొకటి. ఫ్రేము మీద కప్పే ప్లైవుడ్‌కు 51 మిల్లీమీటర్లవి, అంచుల వెంట 150, మధ్యలో 300 దూరంలో. ఇక్కడ మేకు తల ప్లైవుడ్ మట్టానికి ఆగాలి. పైపొర చీల్చుకుని లోపలికి పోతే పట్టు తగ్గుతుంది, మేకులు కొట్టే యంత్రం, నెయిల్ గన్‌తో తరచూ జరిగేది ఇదే.

పొడవొక్కటే చెప్తే సరిపోదు, మందమూ చెప్పాలి. మన హార్డ్‌వేర్ షాపుల్లో గేజీ అంకె పెరిగితే మేకు సన్నబడుతుంది: 8 గేజీ సుమారు 4 మిల్లీమీటర్లు, 10 గేజీ 3.25. కాంక్రీటు మీద వేసే కింది ప్లేటుకు పుచ్చిపోకుండా మందు పట్టించిన చెక్క వాడతారు. ఆ మందులోని రాగి మామూలు మేకును తినేస్తుంది కాబట్టి, కరిగిన జింకులో ముంచి తీసిన గాల్వనైజ్డ్ మేకులే వాడాలి. గోడ ఫ్రేముకు జిప్సం బోర్డు స్క్రూలు పనికిరావు. మేకు వంగుతుంది, అవి పుటుక్కున తెగుతాయి.

ఇక చేయాల్సింది ఒకటే. టింబర్ డిపోలో పైన్ పట్టెలు తెచ్చి, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు గోడముక్క ఒకటి మీ వాకిట్లోనే చేయించండి. కిటికీ సందు కూడా పెట్టించండి. ప్రతి అతుకునూ ఫోటో తీసి, పక్కన మేకు కొలత రాయమనండి. ఇంటర్వ్యూలో అవి చూపిస్తూ మాట్లాడాలి. నెయిల్ గన్ దొరికితే కళ్లద్దాలు పెట్టుకుని, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క మేకే పడే పద్ధతిలో మొదలుపెట్టాలి. రాష్ట్రాన్ని బట్టి అక్కడి నియమాల్లో తేడాలుంటాయి, ఏ రాష్ట్రంలో పనో ముందే అడగండి.

ఏజెంటుకు రూపాయి ఇచ్చే ముందు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ చూడండి. విదేశీ ఉద్యోగాలు చూపే మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ బాబు పేరు నమోదు చేయించండి.