గుమ్మడి పిందెలు రాలడం గురించి

అక్కా, కావలిలో మీ పెరట్లో గుమ్మడి తీగ గోడదాకా పాకినా, పిందెలు నిమ్మకాయంత కాగానే పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయని రాశారు. ఎక్కువగా ఇది పుప్పొడి అందక వచ్చే ఇబ్బందే. టెన్షన్ పడకండి. ఒంగోలు దగ్గర మా ఇంట్లోనూ రెండేళ్లు ఇలాగే పోయాయి.

రేపు పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య పాదు దగ్గరికి వెళ్లండి. పువ్వు కింద చిన్న గుండ్రటి పిందె ఉంటే ఆడపువ్వు, సన్నటి కాడ ఒక్కటే ఉంటే మగపువ్వు. అప్పుడే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు తుంచేసి, మధ్యలోని పుప్పొడి కాడతో ఆడపువ్వు నడిమి భాగాన్ని మెల్లగా తాకించండి. పసుపు పొడి అక్కడ అంటుకోవడం కంటికి కనిపిస్తుంది. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది, ఆలస్యం చేయొద్దు.

రాలిన పిందె ఒకటి కోసి చూడండి. లోపల తెల్ల పురుగులుంటే పండు ఈగ పని. అలాంటివి పాదు కింద వదలకుండా ఏరి లోతుగా పూడ్చేయండి. కొత్త పిందెలకు పలుచటి గుడ్డ సంచి తొడగండి.

యూరియా ఆపండి, ఆకే పెరుగుతుంది. మీది ఇసుక నేల కాబట్టి చివికిన పశువుల ఎరువు బాగా వేయండి, తీగ కణుపుల మీద మట్టి కప్పితే అక్కడా వేళ్లు దిగుతాయి. పెద్ద కాయే కావాలంటే తీగకు ఒక్కటే ఉంచి మిగతావి తీసేయాలి. చేతులు రావు, నాకు తెలుసు. అయినా తీసేయండి. కాయ కింద వరిగడ్డి పరవడం మర్చిపోకండి.