కనిగిరి నీళ్లు తాగిన పళ్లకు అమెరికాలో క్లిప్పులు

అమెరికాకు వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, ఇన్సూరెన్సు కార్డు చేతికందిన తరువాత పళ్లకు క్లిప్పులు వేయించుకోవాలనుకునేవారు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారిలో చాలామందే కనబడుతున్నారు. పిల్లల కోసం అడిగేవారు కొందరైతే, ఊళ్లో ఉన్నప్పుడు వీలుపడక ముప్పై దాటాక తమ కోసమే అడిగేవారు మరికొందరు. అందరూ మొదట అడిగేది ఖర్చు గురించే కాబట్టి ముందుగా దానిని ముగించి అసలు విషయానికి వస్తాను.

ఇక్కడ పళ్ల ఇన్సూరెన్సు సాధారణంగా వైద్య ఇన్సూరెన్సుకు వేరుగా ఉంటుంది. క్లిప్పులకు అది ఇచ్చే సొమ్ముకు చాలా పథకాలలో జీవితకాల పరిమితి ఉంటుంది. ఆ సొమ్ము పిల్లలకు మాత్రమే ఇచ్చే పథకాలూ, చేరిన తరువాత కొన్ని నెలలు ఆగమనే పథకాలూ ఉన్నాయి. పెద్దలకు వర్తిస్తుందా, పరిమితి ఎంత, ఇండియాలో మొదలుపెట్టిన చికిత్సను కొనసాగిస్తే ఇస్తారా అన్న మూడు సంగతులూ అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. మిగిలిన మొత్తాన్ని నెలసరి వాయిదాలలో కట్టించుకోవడం ఇక్కడ మామూలే. వైద్య ఖర్చుల కోసం ఆదాయపు పన్ను పడకుండా దాచుకునే ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ ఖాతాల నుంచి కూడా కట్టవచ్చు.

నెల్లూరు పొగతోటలోనో ఒంగోలులోనో క్లిప్పులు వేయించుకుని, అవి నోట్లో ఉండగానే వీసా వచ్చి బయలుదేరేవారు తమ కాగితాలన్నీ వెంట తెచ్చుకోవాలి. మొదలుపెట్టక ముందు తీసిన ఫొటోలు, ఓపీజీ (పళ్లన్నీ ఒకే చిత్రంలో కనిపించేది), సెఫలోగ్రామ్ (తలను పక్కనుంచి తీసేది) ఎక్స్‌రేలు, పళ్ల అచ్చులు, ఏ పళ్లు తీశారో, ఏ రకం బ్రాకెట్లు (వైరును పట్టి ఉంచే చిన్న బిళ్లలు) పళ్లకు అతికించారో, ఇంకా ఎంత పని మిగిలి ఉందో చెప్పే డాక్టరు ఉత్తరం వాటిలో ఉండాలి. ఇవన్నీ ఉన్నా, మరొకరు సగం చేసిన పనిని చేపట్టడానికి ఇక్కడి ఆర్థోడాంటిస్టులు (క్లిప్పులు వేసే నిపుణులు) చాలామంది వెనుకాడతారు, చేపట్టినా కొత్త చికిత్సకు దగ్గరగా ఫీజు అడిగే అవకాశం ఉంది. ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పట్టే పని కనుక, ప్రయాణం ఖాయమనుకున్నవారు అక్కడ మొదలుపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి, పొదిలి, మర్రిపూడి వైపు, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు బోరునీళ్లు తాగి పెరిగినవారి పళ్ల మీద సున్నం గీసినట్టు తెల్లని చారలో, గోధుమరంగు మచ్చలో ఉండటం మనకు కొత్త కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ పల్లెల్లో ఎన్నో బోర్లు ఆ హద్దును ఏనాడో దాటాయి. దాని వల్ల నడుములు వంగిపోయిన పెద్దవారిని చూస్తూ పెరిగిన మనకు ఫ్లోరైడ్ పేరంటేనే బెదురు. అందుచేత ఇక్కడి డాక్టరు ఫ్లోరైడ్ పేస్టు రాసిచ్చినప్పుడు మనవారు కొందరు దానిని పక్కన పెట్టి, ఫ్లోరైడ్ లేని మూలికల పేస్టు వెతికి కొని తెచ్చుకుంటారు. పళ్లకు క్లిప్పులున్నంత కాలం అది బొత్తిగా చేయకూడని పని.

మన పళ్ల మీది మచ్చలు, పన్ను చిగురు దాటి బయటికి రాకముందే, లోపల ఎనామిల్ (పంటి గట్టి పైపొర) తయారవుతున్న పసితనంలో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, కడుపులోకి వెళ్లిన ఫ్లోరైడ్ వల్ల ఏర్పడినవి. పెద్దవారు పంటి మీద రుద్ది ఉమ్మివేసే ఫ్లోరైడ్ వల్ల ఆ మచ్చలు పెరగవు, కొత్తవి రావు. అది చేసే పని వేరు. పాచిలోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని ఆమ్లంగా మార్చినప్పుడు ఎనామిల్‌లోని ఖనిజం కొంత కరుగుతుంది. లాలాజలం దానిని మెల్లగా తిరిగి చేరుస్తుంది. ఫ్లోరైడ్ ఆ చేర్పును త్వరపరచి, చేరిన పొర తరువాతి ఆమ్లానికి సులువుగా లొంగకుండా చేస్తుంది. క్లిప్పులు లేని నోట్లో నాలుక, పెదవులు, లాలాజలం కలిసి కొంత శుభ్రం చేస్తాయి. బ్రాకెట్టు చుట్టూ, వైరు కింద ఆ శుభ్రం జరగదు. సరిగా తోముకోని నోట్లో బ్రాకెట్టు అంచున తెల్లని మచ్చ ఒక్క నెలలోనే కనిపించవచ్చు. చివరికి క్లిప్పులు తీసిన రోజున బ్రాకెట్టు ఉన్న చోట చిన్న చదరం మాత్రం నిగనిగలాడుతూ, దాని చుట్టూ సుద్దముక్క రంగు చట్రం మిగిలిపోతుంది. వరుస తీరిన పళ్ల మీద ఆ చట్రాలను చూసుకోవడం కంటే పళ్లు వంకరగా ఉన్నప్పుడే నయమనిపిస్తుంది.

ఇక్కడ మామూలు దుకాణాల్లో దొరికే పేస్టుల్లో ఫ్లోరైడ్ సుమారు 1000 నుంచి 1100 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) వరకు ఉంటుంది. పుచ్చిపోయే అవకాశం ఎక్కువని తోచినవారికి డాక్టర్లు 5000 పీపీఎం పేస్టు రాసిస్తారు. దానిని రాత్రి పడుకునే ముందు వాడి, నురగ ఉమ్మివేసి, నీళ్లతో పుక్కిలించకుండా ఊరుకోవాలి. చెంబెడు నీళ్లతో నోరు పుక్కిలించి ఊసే అలవాటున్న మనకు ఇది ఇబ్బందిగానే ఉంటుంది, కానీ పుక్కిలించిన వెంటనే ఆ మందు కాస్తా నీళ్లలో పోతుంది. చిన్నపిల్లల విషయంలో మన భయానికి అర్థముంది: మూడేళ్ల లోపు వారికి బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత మామూలు పేస్టు చాలు, మింగకుండా పెద్దవారు పక్కన నిలబడాలి. ఇక్కడి చాలా పట్టణాల్లో కుళాయి నీటిలో లీటరుకు 0.7 మిల్లీగ్రాముల చొప్పున ఫ్లోరైడ్ ఉండేటట్లు చూస్తారు. మన బోరునీళ్లను తలచుకుని దానికి భయపడనక్కరలేదు. పట్టణానికి దూరంగా సొంత బావి ఉన్న ఇల్లు తీసుకున్నవారు మాత్రం నీటిని పరీక్ష చేయించుకోవాలి.

మొదటిసారి వెళ్లినప్పుడే మీరు ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో డాక్టరుకు చెప్పండి. మచ్చలున్న ఎనామిల్ మీద బ్రాకెట్లు అంత గట్టిగా అతుక్కోవు, తరచూ ఊడతాయి. ముందే తెలిస్తే అతికించే ముందు పంటిని సిద్ధం చేసే తీరు మార్చుకుంటారు. ఒక్కొక్క పంటికి దగ్గరగా ఫొటోలు తీసి ఉంచమని అడగండి, లేకపోతే చివర కనిపించిన తెల్లమచ్చ పాతదో కొత్తదో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ గోధుమరంగును చూసి ఇక్కడి హైజీనిస్టు (పళ్లు శుభ్రం చేసేవారు) కాఫీయా, పొగాకా అని అడిగితే నొచ్చుకోకుండా నీళ్ల సంగతి చెప్పండి. ఆ మచ్చలు పోవాలని బొగ్గుపొడి, ఉప్పు వేసి రుద్దకండి.

తోముకునేటప్పుడు బ్రష్షును బ్రాకెట్టుకు పైనుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి ఏటవాలుగా పట్టి, చిగురు అంచు దాకా పోనివ్వాలి. ఆ తరువాత సీసాలు కడిగే బుర్రబ్రష్షుకు పిల్లలాంటి సన్నని బ్రష్షును వైరు కింద నుంచి దూర్చి, బ్రాకెట్టుకు రెండు పక్కలా తిప్పాలి. నీళ్లు చిమ్మే యంత్రం మెతుకులను వదిలిస్తుంది, అంటుకున్న పాచిని పూర్తిగా తీయలేదు. వేపపుల్ల మీద నాకు గౌరవమే గానీ అది వైరు కిందికి పోదు. ఇంకొక మాట: నెలకో రెండు నెలలకో వైరు బిగించే ఆర్థోడాంటిస్టు సాధారణంగా పిప్పిపళ్లు చూడరు, గార తీయరు. అందుకు మామూలు డెంటిస్టు దగ్గరకు కనీసం ఆరునెలలకొకసారి వేరే వెళ్లాలి. కొత్తవారు చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు.

తిండి సంగతికి వస్తే, వైరు బిగించిన మొదటి రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. పెరుగన్నం, పప్పన్నం, ఇడ్లీ, పలుచని రాగి సంగటితో గడపవచ్చు. నొప్పికి వాడే పారాసెటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్ పేరుతో దొరుకుతుంది. చెనక్కాయ ఉండలు, మురుకులు, చెరకు ముక్కలు, మూలుగ ఎముక బ్రాకెట్లను ఊడదీస్తాయి. జామకాయను కొరకకుండా ముక్కలు కోసి దవడ పళ్లతో నమలాలి. నెల్లూరు చేపల పులుసు మానమని నేను చెప్పను. సన్నముళ్ల చేప కాకుండా వంజరం ముక్కలు వేసుకోండి, ముల్లు వైరులో ఇరుక్కునే బాధ తగ్గుతుంది. చింతపండూ పచ్చిమామిడీ పడిన ఆ పులుసు తిన్న వెంటనే తోమితే మెత్తబడిన ఎనామిల్ అరుగుతుంది, అందుచేత నీళ్లతో నోరు కడుక్కుని అరగంట ఆగాలి. మలైకాజా మెత్తగా ఉంటుంది గనుక మంచిదే అనుకుంటారు గానీ, దాని పాకం వైరు కింద చేరి చాలాసేపు కదలదు. తినదలచుకుంటే భోజనంతో పాటు ఒక్కసారిగా తినేయండి. రోజంతా కొంచెం కొంచెం తీపి తగిలిస్తూ ఉండటమే పళ్లకు ఎక్కువ చేటు. పసుపు వేసిన కూరలకు వైరును బ్రాకెట్టుకు పట్టి ఉంచే తెల్లని రబ్బరులు రెండు రోజుల్లో పసుపు పచ్చగా మారతాయి. బూడిదరంగువో ముదురు రంగువో అడగండి.

సెలవులకు ఊరికి వెళ్లేవారు బయలుదేరే ముందు వారంలో ఒకసారి చూపించుకుని, మైనం, అదనపు రబ్బరులు వెంట తీసుకువెళ్లాలి. వైరు కొస బుగ్గను గుచ్చితే మైనం అద్ది ఊరుకోండి. ఊళ్లో డాక్టరు చేత కత్తిరించవలసి వస్తే ముందుగా ఫొటో తీసి ఇక్కడివారికి పంపండి. క్లిప్పులు తీసిన తరువాత రిటైనర్ (పళ్లను కొత్త చోట నిలిపి ఉంచే, తీసి పెట్టుకునే అచ్చు) పెట్టుకోకపోతే పళ్లు పాత చోటికి జరగడం మొదలుపెడతాయి. మొదటి నెలల్లో డాక్టరు చెప్పినంత సేపు, ఆ తరువాత ఏళ్ల తరబడి రాత్రులు పెట్టుకోవాలి. దానిని వేడినీళ్లలో కడిగినా, రోహిణీ కార్తె ఎండలో కారులో వదిలినా వంకర తిరిగి మళ్లీ పళ్లకు పట్టదు. పెళ్లి భోజనాల్లో దానిని కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెడితే విస్తరితో పాటే పోతుంది, కాబట్టి గట్టి డబ్బా ఒకటి ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. నెలకు మించి ఊళ్లో ఉండబోయేవారు రెండో రిటైనర్‌ను ముందే చేయించుకుని చేతిసంచిలో వేసుకోవడం మంచిది.