విరేచనాలకి ఉప్పునీళ్లు చాలవా, చక్కెర ఎందుకు?

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. మా మూడేళ్ల బాబుకి విరేచనాలు పట్టుకుంటే డాక్టరుగారు ఓఆర్ఎస్ పట్టమన్నారు. మా అత్తయ్యగారేమో తీపి పడితే మోషన్స్ ఇంకా ఎక్కువవుతాయి, ఉప్పు వేసిన నీళ్లు చాలంటారు. నీళ్లు ఒంటికి పట్టడానికి చక్కెరతో పనేంటండీ?

జవాబు: అత్తయ్యగారి మాటలో సగం నిజముందమ్మా, అది తర్వాత చెప్తాను. ముందు చక్కెర సంగతి.

పేగు లోపలి గోడ అంతా కణాలే. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుది కాబట్టి ఆక్సిజన్ లాంటివి ఇట్టే దాటిపోతాయి గానీ ఉప్పులోని సోడియం, ఓఆర్ఎస్‌లో చక్కెరగా ఉండే గ్లూకోజ్ దాటలేవు, వాటికి పొరలో ఇమిడి ఉన్న ప్రోటీన్లే దారివ్వాలి. మనకిప్పుడు కావలసిన ప్రోటీన్ పేరు ఎస్‌జీఎల్‌టీ-1. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు వచ్చి దాన్ని పట్టుకుంటే ఆకారం మార్చుకుని, పేగు వైపు మూసేసి కణం వైపు తెరుచుకుంటుంది, మూడూ లోపల పడతాయి. గ్లూకోజ్ రాకపోతే సోడియానికి ఈ దారి లేదు. లోపల పడ్డ సోడియాన్ని కణం అవతలి వైపున్న పంపు రక్తం వైపుకి తోసేస్తూ ఉంటుంది, మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి, దానికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం ఖర్చవుతుంది. అలా తోడేస్తుంటేనే కణంలో సోడియం ఎప్పుడూ తక్కువుండి, పేగులోది గ్లూకోజ్‌ని వెంటబెట్టుకుని మళ్లీ వస్తుంది. నీటికంటూ వేరే పంపు లేదు, ఉప్పూ చక్కెరా ఎటు చేరితే అటే పోతుంది. స్కూల్లో చదివిన ఆస్మాసిస్ ఇదే.

కలరాలో కూడా ఈ ఎస్‌జీఎల్‌టీ-1 ప్రోటీన్ చెడిపోదు, నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులున్న పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్‌లో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా నీళ్లలో కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి వచ్చాయి.

ఇక అత్తయ్యగారి మాట. చక్కెర మరీ ఎక్కువైతే అది పేగులోనే మిగిలిపోయి ఒంట్లో నీటిని అక్కడికి లాగుతుంది, మోషన్స్ పెరుగుతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో లీటరుకి 20 గ్రాములున్న గ్లూకోజ్‌ని 13.5 గ్రాములకి, ఉప్పుని 3.5 నుంచి 2.6కి తగ్గించింది. కాబట్టి ప్యాకెట్ మీద రాసిన కొలత నీళ్లలో ప్యాకెట్ మొత్తం కలపండి, బాబు తాగట్లేదని ఇంకో చెంచా చక్కెర వెయ్యొద్దు, కూల్‌డ్రింకులు, షాపులో దొరికే తియ్యటి జ్యూసులు అసలే వద్దు. అత్తయ్యగారు ఇంకా ఒప్పుకోకపోతే మధ్యమధ్యలో కాస్త ఉప్పేసిన బియ్యపు గంజి పట్టమనండి, అందులోని పిండి పేగులో మెల్లగా గ్లూకోజ్‌గా విడిపోతుంది కాబట్టి అదీ ఇదే దారిన పనిచేస్తుంది. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి, కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. బాబు మగతగా పడి ఉన్నా, ఒంటేలు రాకపోయినా, మోషన్‌లో రక్తం కనిపించినా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.