పొరుగు ఏఐ నవ్వినా సరే, దాని సైన్యం ఎటు నడుస్తోందో చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే నీ కంప్యూటర్ ఆటలో మొదటి నుంచీ స్నేహంగా ఉన్న పొరుగువాడు చెప్పాపెట్టకుండా మీద పడ్డాడనీ, ఏఐ (ఎదుటి దేశాలను ఆడించే కంప్యూటర్) అంతా మోసమనీ, ఇక డిప్లొమసీ స్క్రీన్ (మిగతా నాయకులతో మాటలు, బేరాలు నడిపే తెర) తెరవనే తెరవననీ రాశావు. తెరవాలి నాన్నా, ఇదివరకటి కంటే ఎక్కువగా తెరవాలి. ఏఐకి నీ మీద కక్షా ఉండదు, ప్రేమా ఉండదు. దాని దగ్గర ఉన్నవన్నీ లెక్కలే. నీ సైన్యం ఎంత, నువ్వు ఎంత దగ్గర్లో ఉన్నావు, నీ భూమి దానికి పనికొస్తుందా, నీ మీదికి వస్తే అడ్డుపడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని చూసుకుంటుంది. ఆ లెక్క ఎటు తేలుతోందో యుద్ధానికి చాలా ముందే బయటపడుతుంది. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ముందు ఆ నవ్వు సంగతి చెబుతాను. నేను మొదటి ఆట, మూడో ఆట, ఐదో ఆట అన్నప్పుడల్లా సివిలైజేషన్ ఆటల వరుసే అనుకో. 2010లో వచ్చిన సివిలైజేషన్ 5లో ప్రతి ఏఐ నాయకుడూ నీ విషయంలో లోలోపల ఒక వైఖరి ఎంచుకుంటాడు. యుద్ధం, జాగ్రత్త, భయం, స్నేహం లాంటి వాటితో పాటు వంచన కూడా ఆ వైఖరుల్లో ఒకటి. అది ఎంచుకున్నవాడు పైకి మాత్రం స్నేహితుడిలాగే మాట్లాడతాడు. పట్టుకోవడానికి దారి ఉంది. 'ఫ్రెండ్లీ' అన్న మాట మీద మౌస్ పెట్టి కారణాల జాబితా చదువు. స్నేహానికి తగ్గ కారణాలు అందులో ఒకటీ అరా కూడా లేకుండా ఉత్తి 'ఫ్రెండ్లీ' అని ఉంటే ఆ సరిహద్దు వైపు రెండు యూనిట్లు (సైనిక దళాలు) పంపించెయ్. 'మీ దగ్గరున్న భూమి మీద కన్నేశారు' అన్న అర్థం వచ్చే లైను కనిపిస్తే అసలు ఆలస్యం చేయకు.

2005 నాటి సివిలైజేషన్ 4 ఇంకా నిజాయితీగా ఉంటుంది, అందుకే నేర్చుకునేవాళ్లకు ముందుగా దాన్నే చెబుతాను. నీ మీద దానికి ఎన్ని ప్లస్‌లు, ఎన్ని మైనస్‌లు, ఏ కారణానికి అన్నది అంకెలతో సహా చూపిస్తుంది. ఒకే మతమైతే ప్లస్. దాని శత్రువుతో వ్యాపారం చేస్తే మైనస్. హద్దులు ఆనుకుని ఉంటే మరో మైనస్. ఈ చివరిది నువ్వేం తప్పు చేయకపోయినా పడుతుంది, కాబట్టి దాన్ని వేరే ప్లస్‌లతో పూడ్చుకోవాలి. నాయకుల్లో తేడా కూడా తెలిసి ఉండాలి. గాంధీ లాంటివాళ్లు 'ప్లీజ్డ్' స్థాయికి ('ఫ్రెండ్లీ'కి ఒక మెట్టు కింద) వచ్చాక తమంతట తాము నీ మీద యుద్ధం తలపెట్టరు. మాంటెజుమా, కేథరిన్ ఆ స్థాయిలో ఉండి కూడా తలపెట్టగలరు. అలాంటివాళ్లు పక్కన ఉంటే 'ఫ్రెండ్లీ' దాకా తీసుకెళ్లాలి, లేదంటే సైన్యం నిలబెట్టాలి.

అదే ఆటలో నాకు ఎంతో ఇష్టమైన కిటుకు ఒకటుంది. వాడితో బేరాల స్క్రీన్ తెరిచి, మూడో దేశం మీద యుద్ధం ప్రకటించమని అడిగే చోట చూడు. ఆ లైను ఎర్రగా ఉండి, 'ఇప్పటికే మా చేతినిండా పని ఉంది' అన్న కారణం చూపిస్తే, పైగా వాడు అప్పటికి ఎవరితోనూ యుద్ధంలో లేకపోతే, లోపల ఒక యుద్ధానికి సన్నాహం నడుస్తోందని అర్థం. ఎవరి మీద అన్నది చెప్పదు. వాడికి దగ్గరగా ఉన్నదెవరు, నచ్చనిదెవరు, బలం తక్కువున్నదెవరు అని చూసుకో. మూడు ప్రశ్నలకూ జవాబు నువ్వే అయితే ఆ టర్న్‌లోనే (నీ ఆడే వంతులోనే) నగరాల్లో సైనికుల తయారీ మొదలుపెట్టు.

గాంధీ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1991 నాటి మొదటి ఆటలో బగ్ వల్ల గాంధీకి అణుబాంబుల పిచ్చి పట్టిందని నీకూ ఎవరో చెప్పే ఉంటారు. ఆ ఆట చేసిన సిడ్ మైయరే 2020లో అలాంటి బగ్ లేదని తేల్చేశాడు. ఐదో ఆటలో మాత్రం కావాలనే పెట్టారు. అక్కడ నాయకుల స్వభావాలకు మామూలుగా 1 నుంచి 10 దాకా అంకెలుంటాయి, ప్రతి ఆటకూ అవి కొంచెం అటూ ఇటూ మారతాయి. గాంధీకి అణ్వాయుధాల వాడకం దగ్గర 12 ఇచ్చారు. నాయకుడి పేరుకు చరిత్రలో ఉన్న గుణం చూసి నమ్మవద్దని, ఆటలో వాడికి ఏ స్వభావం ఇచ్చారో అదే చూడమని చెప్పడానికి ఇదంతా రాశాను.

ఇక సరిహద్దు. నువ్వు దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

హద్దు గీతను ఒక్కో ఆట ఒక్కోలా పట్టించుకుంటుంది. 2001 నాటి మూడో ఆటలో ఏఐ యూనిట్లు అడగకుండా నీ భూమిలోంచి నడిచిపోయేవి. వెళ్లిపొమ్మనొచ్చు. మళ్లీ వస్తే 'వెళ్తావా, యుద్ధం ప్రకటిస్తావా' అని గట్టిగా నిలదీయొచ్చు, కానీ కొన్నిసార్లు వాడు రెండోదే ఎంచుకునేవాడు. దారి ఇచ్చే ఒప్పందం కుదిరాక నీ నడిబొడ్డున సైన్యం నిలిపి అక్కడి నుంచే యుద్ధం మొదలుపెట్టే వీలూ ఉండేది. నాలుగో ఆట దాన్ని ఆపేసింది. యుద్ధం ప్రకటించగానే పరాయి నేల మీద ఉన్న యూనిట్లు హద్దు బయటికి వెళ్లిపోతాయి. అందుకే ఆ ఆటలో ఓపెన్ బోర్డర్స్ (హద్దులు దాటనిచ్చే ఒప్పందం) ఇవ్వడానికి మరీ భయపడనక్కర్లేదు. ఆరో ఆటలో ఎర్లీ ఎంపైర్ అనే సివిక్ (సంస్కృతితో సంపాదించే ఒక మెట్టు) వచ్చేదాకా ఎవరి నేల మీదైనా తిరగొచ్చు, ఆ తర్వాత ఒప్పందం లేకుండా సైన్యం లోపలికి పోలేదు. ఆ తలుపు మూసుకోకముందే స్కౌట్‌ను (దారులు వెతికే యూనిట్‌ను) పంపి పొరుగువాడి నగరాలు, దారులు, కొండల మధ్య ఇరుకు చోట్లు అన్నీ చూసి రా.

నీ సైన్యం ఎక్కడ నిలబడిందన్నదీ ఏఐ చూస్తుంది. ఐదో ఆటలో నీ యూనిట్లు దాని హద్దు పక్కన గుమిగూడితే వచ్చి అడుగుతుంది. 'ఊరికే ఇటుగా పోతున్నాం' అని చెప్పి కొద్ది టర్న్‌లకే దాడి చేశావనుకో, మాట తప్పినవాడివన్న మచ్చ పడుతుంది, ఆ ఒక్కడి దగ్గరే కాకుండా మిగతా వాళ్ల దగ్గర కూడా. ఆరో ఆటలోనూ సైన్యాన్ని వెనక్కి తీస్తానని మాటిచ్చి తీయకపోతే లెక్కలోకి వస్తుంది. నిలబెట్టుకోలేని మాట ఇవ్వనే ఇవ్వకు. దాడి చేయాలని నిజంగా అనుకుంటే సైన్యాన్ని హద్దుకు నాలుగైదు గడులు లోపలే ఉంచు.

రక్షణకైతే సైన్యం ఉందన్న సంగతి దానికి తెలియాలి. ఏఐ నీ మొత్తం బలాన్ని తన బలంతో పోల్చుకుంటుంది. చాలామంది కొత్తవాళ్లు అద్భుత కట్టడాలన్నీ కట్టుకుంటూ పోయి, డెమోగ్రాఫిక్స్ స్క్రీన్‌లో (దేశాలను అంకెలతో పోల్చే తెరలో) సైన్యం దగ్గర అందరికంటే కింద ఉంటారు. పొరుగువాడికి అంతకంటే పెద్ద ఆహ్వానం ఉండదు. మొదటి స్థానం అక్కర్లేదు, చివరి స్థానంలో మాత్రం ఉండకు. ఆరో ఆటలో క్లియోపాట్రా అయితే బలమైన సైన్యం ఉన్నవాళ్లనే ఇష్టపడుతుంది, బలహీనులను చిన్నచూపు చూస్తుంది. అదే ఆటలో అన్నిటికంటే కష్టమైన డైటీ స్థాయిలో ఏఐ 3 సెట్లర్లతో (నగరాలు స్థాపించే యూనిట్లతో), 5 వారియర్లతో మొదలవుతుంది. ఆ స్థాయిలో పొరుగువాడు పక్కనే దొరికితే రెండో నగరం కంటే ముందు విలుకాళ్లే తయారవ్వాలి.

స్నేహం చవగ్గా దొరికేది మొదటి పరిచయంలోనే. ఆరో ఆటలో ఎవరైనా కలిసిన వెంటనే 25 బంగారం పెట్టి డెలిగేషన్ (రాయబార బృందం) పంపు. మనసు విరిగాక పంపితే తీసుకోరు. స్నేహ ప్రకటన కుదిరితే మామూలు వేగంలో 30 టర్న్‌లు ఇద్దరిలో ఎవరూ యుద్ధం ప్రకటించలేరు. ఆ గడువు తీరే టర్న్ గుర్తుపెట్టుకో, అప్పటికల్లా మళ్లీ అడుగు. ఎవరైనా నిన్ను డినౌన్స్ చేస్తే (బహిరంగంగా ఖండిస్తే) 5 టర్న్‌ల తర్వాత లాంఛనంగా యుద్ధం ప్రకటించే హక్కు వాళ్లకు వస్తుంది. ఆ ఐదు టర్న్‌లూ గోడలకు, విలుకాళ్లకు ఖర్చు పెట్టు, బతిమాలడానికి పాడు చేసుకోకు.

అందరితో స్నేహం కుదరదు. ఒకరికి దగ్గరైతే వాడి శత్రువుకు దూరమవుతావు, అది ఆట స్వభావం. నువ్వు గెలుస్తున్న కొద్దీ అందరూ దూరమయ్యే ఆటలూ ఉన్నాయి. జపాన్‌లో జరిగే 2011 నాటి షోగన్ 2 టోటల్ వార్‌లో నీ పేరు ప్రతిష్ఠ ఒక స్థాయి దాటగానే షోగన్ (దేశాన్ని ఏలే సేనాధిపతి) నిన్ను శత్రువుగా ప్రకటిస్తాడు, మిత్రులు కూడా టర్న్ టర్న్‌కూ విరోధులవుతారు. ఆ గీత దాటకముందే ఖజానా నింపి, సైన్యం పెంచుకుని, వ్యాపారం తెగిపోయినా నడిచేలా ఉండాలి.

ఇప్పుడు నీ ఆట. దాడికి ముందున్న సేవ్ (అప్పటి ఆట భద్రపరచిన ఫైలు) దాచానన్నావు కదా, దాన్ని తెరువు. ముందు ఆ పొరుగువాడి అవతల ఎవరున్నారో చూడు. వాళ్లిద్దరికీ పడకపోతే నీ దగ్గర మిగిలిన లగ్జరీ (విలాస వస్తువు), కొంత బంగారం ఇచ్చి పొరుగువాడినే అటు యుద్ధానికి దింపు. బేరానికి ఎంత అడుగుతాడో చూసి వెనకాడకు, ఒక నగరం పోవడం కంటే ఎప్పుడూ తక్కువే. వాడి సైన్యం అటు తిరిగాక నీ హద్దు నగరంలో గోడ పూర్తి చేసి, నువ్వు రాసిన ఆ నది దాటే చోట ఇద్దరు విలుకాళ్లను కొండ మీద కూర్చోబెట్టు. బేరానికి ఒప్పుకోకపోతే కారణం ఏం చూపించాడో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు, దాన్నిబట్టి తర్వాతి అడుగు చెబుతాను.

మీ పెదనాన్న