సీసాలో తెల్లటి పొర: బూజా, కాదా?

ప్రశ్న: వెనిలా కాయను నిలువునా చీల్చి, పావుకిలో పంచదార ఉన్న సీసాలో గుచ్చి మూత బిగించాను. రెండు వారాలకు తీసి చూస్తే పంచదార రాయిలా గట్టిపడింది. విడిగా దాచుకున్న మరో కాయ మీద తెల్లగా ఏదో పేరుకుంది. బూజేమోనని భయంగా ఉంది. రెండూ పారేయాలా?

జవాబు: చెత్తబుట్ట దాకా వెళ్లకండి. ముందు ఆ రెండో కాయను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. తెల్లటి పొర సన్నని సూదుల్లా తళుక్కుమంటే అది బూజు కాదు, వెనిలిన్. కాయకు వాసననిచ్చే పదార్థమే పైకి వచ్చి స్ఫటికాలుగా పేరుకుంది. సంతోషించాల్సిన విషయం. బూజయితే మెరవదు. దూదిలా, మసకగా, ఒక్కోచోట ఆకుపచ్చగా ఉంటుంది. ముక్కు దగ్గర పెడితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అలాంటి కాయను తుడిచి, కడిగి వాడే ప్రయత్నం మాత్రం వద్దు.

ఇంత ధీమాగా చెబుతున్నానంటే నేనూ ఒకసారి మోసపోయాను కాబట్టే. మొదటిసారి తెచ్చుకున్న కాయల్లో మూడింటి మీద ఇలాగే తెల్లగా కనిపిస్తే, పాడైపోయాయని తిట్టుకుంటూ పారేశాను. మర్నాడు చెత్తబుట్ట మూత తీయగానే వంటిల్లంతా ఘుమఘుమలాడింది. అప్పటికే అవి కాఫీ పిప్పిలో కూరుకుపోయి ఉన్నాయి. ఆ కాయ వెనక ఎంత చాకిరీ ఉందో తరువాత చదివి ఇంకా బాధపడ్డాను. వెనిలా పువ్వు విచ్చుకునేది ఒక్క రోజే. పుట్టినిల్లు మెక్సికో దాటితే ప్రతి పువ్వుకూ మనిషే పుప్పొడి అంటించాలి. అందుకు తేలికైన పద్ధతిని 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో కనిపెట్టినవాడు ఎడ్మండ్ ఆల్బియస్ అనే బానిస బాలుడు. అప్పటికి అతనికి పన్నెండేళ్లు. కాయ తీగ మీద ముదరడానికి దాదాపు తొమ్మిది నెలలు. అప్పటికీ పచ్చికాయకు వాసన ఉండదు. వేడినీళ్లలో ముంచి, మూటగట్టి ఉక్కబెట్టి, నెలల తరబడి నెమ్మదిగా ఆరబెడితేనే పరిమళం పుడుతుంది.

ఇక మీ పంచదార సంగతి. తప్పు చెమ్మది. మెత్తగా వంగే మేలురకం కాయ బరువులో నాలుగో వంతుకు పైగా తేమ ఉండవచ్చు. ఆ కొద్ది తడికే పంచదార పలుకుల అంచులు కరుగుతాయి, మళ్లీ ఆరేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గడ్డను పళ్లెంలో వేసి చేత్తో చిదిమి, నీడలో ఒక పూట ఆరనిచ్చి జల్లించండి. ఎండలో పెట్టకండి, వేడి చేయకండి. చెమ్మతోపాటు వాసనా పోతుంది.

ఈసారి ఇలా చేయండి. చాకు మొనతో కాయను చీల్చి, చాకు వీపుతో లోపలి నల్లటి గుజ్జును గీకండి. దాన్ని నేరుగా సీసాలో వేస్తే ఉండలుగా మిగిలిపోతుంది. రెండు చెంచాల పంచదారలో వేసి, వేళ్ల కొసలతో నలపండి. మొదట బంకబంకగా ఉంటుంది. నిమిషంలో ఆ జిగురు విడిపోయి, పంచదార బూడిదరంగుకు తిరిగి, నల్లటి చుక్కలు సమంగా పరుచుకుంటాయి. అప్పుడు మిగతా పంచదారలో కలపండి. గీకిన తొక్కను ఒక రోజంతా ఆరబెట్టి, ముక్కలు చేసి అందులోనే వేయండి. ఆ తొక్కలోనూ బోలెడు వాసన ఉంటుంది. పొడి గాజు సీసా, బిగుతు మూత, రెండు రోజులకోసారి కుదుపు. రెండు వారాలు ఓపిక పట్టండి. తడి చెంచా పెట్టేవాళ్లకు ఆ సీసా అందనివ్వకండి. మా ఇంట్లో నాది పప్పు డబ్బాల వెనక దాక్కుని ఉంటుంది.

ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు, పంచదారలో నాలుగు చుక్కల ఎసెన్స్ కలిపితే చాలదా?

జవాబు: కేకు పిండిలో అయితే చాలు, నేనూ వాడతాను. పంచదారలో పోస్తే మాత్రం పైన చెప్పిన గడ్డే కడుతుంది. పైగా చవక ఎసెన్స్‌లో ఉండేది చాలావరకు విడిగా తయారుచేసిన వెనిలిన్ ఒక్కటే. దాన్ని 1874లోనే జర్మనీలో కృత్రిమంగా తయారుచేశారు. కాయలో వెనిలిన్‌తోపాటు మరెన్నో వాసనలుంటాయి. వేడి పాలలో తేడా తెలుస్తుంది. పాలు దించాకే పంచదార కలపండి.

ప్రశ్న: పాలలో మరిగించిన కాయ మళ్లీ పనికొస్తుందా?

జవాబు: వస్తుంది. పాల జిడ్డు పోయేలా కడిగి, విరిస్తే పుటుక్కుమనేదాకా ఆరబెట్టి, గుప్పెడు పంచదారతో మిక్సీలో వేసి జల్లించండి. జల్లెడలో మిగిలిన పీచును మళ్లీ సీసాలోనే వేసేయండి.